ఊరి కరెంటుకు పెద్దరికం ఎవరిది?

మన పల్లెల్లో పొలం మోటారుకు ఆటో స్టార్టర్ అనే చిన్న పెట్టె బిగించుకోవడం చాలా కాలంగా ఉన్న అలవాటు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో పుట్టిన పరికరం అది. రైతు అర్ధరాత్రి లేచి, చేతిలో బ్యాటరీ లైటు పట్టుకుని, పురుగూ పుట్రా దాటుకుంటూ బావి దగ్గరికి పోనక్కరలేదు. కరెంటు రాగానే ఆ పెట్టే మోటారును నడిపిస్తుంది. ఒక్క రైతు వైపు నుంచి చూస్తే ఇంతకు మించిన తెలివైన ఏర్పాటు లేదు. కాని ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిమంది రైతులున్నారనుకోండి. పదిమందీ ఇదే తెలివి చూపించారనుకోండి. అప్పుడేమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు సుమారు 6 కె.వి.ఎ. తీసుకుంటుంది. పది మోటార్లకు 60 అవుతుంది. 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువు మోయగలదు. అయితే మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒకదాని తరువాత ఒకటి లేస్తే ఇబ్బంది లేదు. పదీ ఒకేసారి లేవబోతే ఆ క్షణాన కావలసింది 300 కె.వి.ఎ. పైమాట. వోల్టేజి పడిపోతుంది, మోటార్లు లేవలేక మూలుగుతాయి, వేడెక్కుతాయి, ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఆ తరువాత చందాలు వేసుకోవడం, ట్రాక్టరు మాట్లాడుకోవడం, పైరు ఎండిపోతుంటే ఎదురుచూడడం, ఇవన్నీ పల్లెటూరి పిల్లలకు నేను చెప్పక్కరలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఈ ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటారు ఎప్పుడూ తిరుగుతుంది, భూమిలోని నీరు అడుగంటుతుంది అన్న భయం కూడా అందులో ఉన్నది.

ఇక్కడ ప్రతి పెట్టెకూ తన మోటారు సంగతి తెలుసు. పక్క మోటారు సంగతి తెలియదు. ఆ పెట్టెలకు ఒక చెవి, ఒక నోరు, కాస్త మర్యాద నేర్పితే ఎట్లా ఉంటుంది? ఇంజనీర్లు ఈ ప్రశ్న మీద పాతికేళ్లకు పైగా పనిచేస్తున్నారు. దానికి వారు పెట్టిన పేరు బహుళ ఏజెంట్ల వ్యవస్థ, ఇంగ్లీషులో మల్టీ ఏజెంట్ సిస్టమ్. ఊరి స్థాయి చిన్న కరెంటు గ్రిడ్లను నడపడానికి అది ఎట్లా పనికొస్తుందో, ఎక్కడ మనం జాగ్రత్తపడాలో ఈ వ్యాసంలో చెబుతాను. ఎలక్ట్రికల్ చదవని మిత్రులు భయపడనక్కరలేదు. కూడికలూ భాగహారాలూ వస్తే చాలు.

చిన్న గ్రిడ్డు, పెద్ద గ్రిడ్డు

2012 జూలై 30వ తేదీ తెల్లవారుజామున ఉత్తర భారతమంతా చీకటైంది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కలిసి పడిపోయాయి. అరవై కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతంలో కరెంటు పోయింది. రెండు రోజులూ కథ మొదలైంది బీనా, గ్వాలియర్‌ల మధ్య ఉన్న 400 కిలోవోల్టుల లైను ట్రిప్ అయిన దగ్గర. ఆ రోజుల్లో మన దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే తాళంలో నడిచేది కాదు. అందుకని మనం బతికిపోయాం. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైనుతో మనమూ ఆ తాళంలో కలిశాం. కలవడం వల్ల లాభాలు చాలా ఉన్నాయి. ఒకచోట మిగిలినది మరోచోటికి పోతుంది, కరెంటు చవకవుతుంది. కాని కలిసి నడిచేవాళ్లు కలిసి పడే ప్రమాదమూ ఉంటుంది.

దానికి తోడు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు స్తంభాలు, టవర్లు నేలకొరిగి రోజుల తరబడి కరెంటు లేదు. ఎక్కడో బొగ్గు కేంద్రంలో కరెంటు పుడుతూనే ఉంటుంది. మన దాకా వచ్చే దారే ఉండదు.

అట్లాంటప్పుడు మన ఇంటి పైకప్పు మీద ఉన్న సోలారు పలకలు ఆదుకుంటాయి కదా అంటారా? చాలామంది అట్లాగే అనుకుంటారు. నిజానికి బయట లైనులో కరెంటు పోగానే మామూలు సోలారు ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. ఆగకపోతే, చచ్చిన లైను అనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందువల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో, నెత్తిన సోలారు పెట్టుకుని, ఫ్యాను తిరగక విసనకర్రతో విసురుకునే పరిస్థితి.

దీనికి ఉపాయంగా వచ్చిందే మైక్రోగ్రిడ్. ఒక వీధో, ఒక ఊరో, ఒక ఆసుపత్రో, మన కాలేజీ వంటి ఆవరణో తీసుకోండి. అందులోని సోలారు పలకలు, బ్యాటరీలు, డీజిల్ జనరేటరు, వాడుకునే పరికరాలు అన్నిటినీ ఒక కుటుంబంగా కట్టి, పెద్ద గ్రిడ్డుతో ఒకే ఒక గుమ్మం దగ్గర కలుపుతారు. మంచి రోజుల్లో ఆ గుమ్మం తెరిచి ఉంటుంది. పెద్ద గ్రిడ్డు పడిపోయిన రోజున తలుపు వేసుకుని లోపలి సంసారం లోపల నడుపుకుంటారు. ఈ భావనకు స్పష్టమైన రూపం ఇచ్చినవారిలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లాసెటర్ ముఖ్యులు. ఆయన 2002 ప్రాంతాల్లో రాసిన వ్యాసాలు ఈ రంగంలో పనిచేసేవారు నేటికీ చదువుతారు.

తలుపు వేసుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. లోపల ఉన్నది కొద్ది. అడిగేవారు ఎక్కువమంది. ఎవరికి ఎంత అని తేల్చేదెవరు?

తీగ లేని దండోరా

కరెంటును మనం గాదెలో ధాన్యంలాగా ఊహించుకుంటాం. ఎక్కడో పోసి ఉంటుంది, మీట నొక్కితే జారి వస్తుంది అనుకుంటాం. అట్లా కాదు. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో ఆ క్షణాన అంతా పుట్టాలి, లేదా బ్యాటరీ నుంచి రావాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే, ఎక్కువ బరువు లాగలేని ఎడ్లలాగా జనరేటర్లు నెమ్మదిస్తాయి. సెకనుకు 50 సార్లు ఊగవలసిన కరెంటు 49.9 సార్లో 49.8 సార్లో ఊగుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే 50 దాటుతుంది. దీనినే పౌనఃపున్యం అని బడిలో చదువుకున్నాం. వాడుకలో ఫ్రీక్వెన్సీ అందాం.

ఇందులో ఒక గమ్మత్తు ఉన్నది. ఒక గ్రిడ్డుకు కలిపి ఉన్న ప్రతి చోటా ఫ్రీక్వెన్సీ దాదాపు ఒకటే. ఊరి మధ్య డప్పు కొడితే ప్రతి ఇంటికీ వినపడినట్లు, 'కరెంటు చాలడం లేదహో' అన్న దండోరా ప్రతి ప్లగ్గు పాయింటుకూ చేరుతుంది. వేరే తీగ వద్దు, టెలిఫోను వద్దు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్ల గవర్నరును అమర్చుకున్నాడు. వేగం తగ్గితే గుండ్లు కిందికి దిగి ఆవిరిని ఎక్కువ పోనిస్తాయి, పెరిగితే పైకి లేచి తగ్గిస్తాయి. విద్యుత్ కేంద్రాల్లోని గవర్నర్లు ఆ గుండ్ల మనవలే. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే దండోరా విని తమ వంతు పని చేస్తాయి. మొదటి ఏజెంటు అదేనని నేను తరగతిలో చెబుతుంటాను.

సోలారు, బ్యాటరీల ఇన్వర్టర్లలో తిరిగే చక్రం ఏదీ లేదు. వాటికి ఈ గుణం ప్రోగ్రాము ద్వారా నేర్పాలి. 1993లో చందోర్కర్, దివాన్, అడపా అనే ముగ్గురు ఈ పద్ధతిని చూపించారు. పేర్లు చూస్తేనే మనవాళ్లని తెలుస్తుంది. ఉదాహరణకు ఒక ఊళ్లో 5 కిలోవాట్ల ఇన్వర్టరు ఒకటి, 10 కిలోవాట్లది ఒకటి ఉన్నాయనుకోండి. బరువేమీ లేనప్పుడు 50.5, పూర్తి బరువు మీద 49.5 ఫ్రీక్వెన్సీ ఇవ్వమని రెంటికీ చెప్పాం. ఊరు 9 కిలోవాట్లు అడిగింది. రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి గనుక రెంటి ఫ్రీక్వెన్సీ ఒకటే కావాలి. అది 49.9 దగ్గర కుదురుతుంది. అప్పుడు ఒక్కొక్కటి తన శక్తిలో 60 శాతం మోస్తుంది. అంటే చిన్నది 3, పెద్దది 6. ఎవరి ఒళ్లు ఎంతో అంత మూట. రెండూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు!

కాని దండోరాకు ఒక లోపమున్నది. అది 'చాలడం లేదు' అని మాత్రమే చెప్పగలదు. టీకాల ఫ్రిజ్ ఎక్కడుందో, తాగునీటి మోటారు ఇంకో రెండు గంటలు ఆగగలదో లేదో దానికి తెలియదు. ఆ సంగతులు తెలియాలంటే మాటలు కావాలి.

ఏజెంటు అంటే ఎవరు?

ఏజెంటు అనగానే మనకు జీవిత బీమా ఏజెంటో బస్సు టిక్కెట్ల ఏజెంటో గుర్తొస్తాడు. మరీ తప్పేమీ కాదు. ఒకరి తరఫున, తన బుద్ధితో పనిచేసేవాడు ఏజెంటు. కంప్యూటరు శాస్త్రంలో వూల్డ్‌రిడ్జ్, జెన్నింగ్స్ అనే ఇద్దరు 1995లో రాసిన వ్యాసంలో ఏజెంటుకు నాలుగు లక్షణాలు చెప్పారు. ఒకటి, ఎవరూ వెనకుండి తోయకుండా తన పని తాను చేయాలి. రెండు, తోటి ఏజెంట్లతో మాట్లాడగలగాలి. మూడు, చుట్టూ జరిగేదానికి వెంటనే స్పందించాలి. నాలుగు, తనకొక లక్ష్యం ఉండి దాని కోసం ముందుగా చొరవ తీసుకోవాలి. మన ఆటో స్టార్టరుకు ఒకటీ మూడూ ఉన్నాయి. రెండోది లేదు. అందుకే ట్రాన్స్‌ఫార్మరు కాలింది.

ఏజెంట్లు ఎట్లా మాట్లాడుకోవాలి అన్నదానికి రీడ్ స్మిత్ 1980లోనే ఒక పద్ధతి చెప్పాడు. దాని పేరు కాంట్రాక్ట్ నెట్. మన పంచాయతీ టెండరు లాంటిదే. పని ఉన్నవాడు ప్రకటిస్తాడు. చేయగలవారు తమ షరతులు చెబుతారు. ప్రకటించినవాడు తగినవాడికి పని అప్పగిస్తాడు. ఇంతే. ఇందులోని అందమేమిటంటే అందరికీ కలిపి ఒక పెద్ద ఉండనక్కరలేదు. ఇవాళ ప్రకటించినవాడే రేపు టెండరు వేయవచ్చు.

ఒక ఊరిని ఊహించుకుందాం. తుపానుకు పెద్ద లైను తెగింది. ఊళ్లో సోలారు 20 కిలోవాట్లు, కొంత బ్యాటరీ ఉన్నాయి. ఆరోగ్య ఉపకేంద్రంలోని టీకాల ఫ్రిజ్‌కు 0.2, ఇళ్లన్నిటి దీపాలకూ ఫ్యాన్లకూ 6, తాగునీటి మోటారుకు 4, పిండిమరకు 7.5, అయిదు పొలం మోటార్లకు తలా 4 చొప్పున 20 కావాలి. మొత్తం 37.7. ఉన్నది 20. ఉదయం పదకొండు గంటలకు సోలారు ఏజెంటు ప్రకటిస్తుంది: 'మూడింటి దాకా 20 ఇవ్వగలను.' ఫ్రిజ్ ఏజెంటు అంటుంది: 'నాకు ఆపడానికి వీల్లేదు.' తాగునీటి మోటారు: 'నాకు రెండు గంటలు చాలు, సాయంత్రం అయిదులోగా ఎప్పుడైనా సరే.' పిండిమర: 'నాకు రెండు గంటలు కావాలి, మధ్యాహ్నం తరువాతే జనం వస్తారు.' పొలం మోటార్లు: 'మాకు తలా రెండు గంటలు.'

ఫ్రిజ్, ఇళ్లు కలిసి 6.2 పోగా 13.8 మిగిలింది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా తాగునీటి మోటారు, రెండు పొలం మోటార్లు కలిసి 12. ఒంటిగంట నుంచి మూడు దాకా పిండిమర, ఒక పొలం మోటారు కలిసి 11.5. అందరూ ఒక్కసారి మీద పడకుండా ఒక మోటారు లేచిన కొద్ది సెకన్లకు మరొకటి లేస్తుంది. మొత్తం బేరం ముగియడానికి పట్టేది కొన్ని క్షణాలు. రెండు పొలం మోటార్లకు మాత్రం ఇవాళ వంతు రాలేదు. ఆ రెండింటి సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో వాటితో పని ఉన్నది.

ఇదంతా కాగితం మీది ముచ్చటేనా అని మీరు అడగవచ్చు. కాదు. గ్రీసు దేశంలో కిథ్నోస్ అనే చిన్న దీవి ఉన్నది. 1982లో యూరప్‌లో మొదటి గాలిమరల కేంద్రం పెట్టింది అక్కడే. ఆ దీవిలో గైదురోమాంద్ర అనే లోయ ఉన్నది. ఆ పేరుకు గాడిదల దొడ్డి అని అర్థం. అక్కడి పన్నెండు ఇళ్లకు 10 కిలోవాట్ల సోలారు, 53 కిలోవాట్-గంటల బ్యాటరీ, 5 కిలోవాట్ల డీజిల్ జనరేటరుతో ఒక మైక్రోగ్రిడ్ కట్టారు. ముందు అక్కడ దండోరా పద్ధతే. బ్యాటరీ నిండితే ఇన్వర్టరు ఫ్రీక్వెన్సీని కావాలని పెంచుతుంది, సోలారు తగ్గుతుంది. బ్యాటరీ అడుగంటితే తగ్గిస్తుంది, ఇళ్లలోని స్విచ్చి పెట్టెలు సంగతి గ్రహించి బరువు తగ్గిస్తాయి. ఆ తరువాత 2006-2009 మధ్య యూరోపియన్ యూనియన్ సహాయంతో నడిచిన మోర్ మైక్రోగ్రిడ్స్ పథకంలో, ఏథెన్సు సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన హాట్జియార్గిరియూ, డిమియాస్ ప్రభృతులు ఆ ఇళ్లలో ఏజెంట్లను పెట్టి పరీక్షించారు. అక్కడ బేరానికి వచ్చిన వస్తువేమిటో తెలుసా? నీటి మోటార్లే! మిగులు కరెంటు ఎంతుందో చూసుకుని, ఎవరి మోటారు ఎప్పుడు నడవాలో ఏజెంట్లు తమలో తాము తేల్చుకున్నాయి. సముద్రాలు దాటి పోయినా ఊరి తగవు నీళ్ల దగ్గరికే వచ్చింది.

నాలుగు బెంచీల ఆట

పెద్ద లేకుండా ఊరందరికీ ఒక నిజం ఎట్లా తెలుస్తుంది? ఇది నా విద్యార్థులు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న. జవాబుగా ఒక ఆట ఆడిస్తాను. నలుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి తలా ఒక చీటీ ఇస్తాను. చీటీలో వారి ఇంటి బ్యాటరీ ఎంత నిండి ఉందో రాసి ఉంటుంది: 80, 20, 60, 40 శాతం. నియమం ఒక్కటే. కుడి ఎడమల ఉన్నవారితో మాత్రమే గుసగుసలాడాలి. వారిద్దరి అంకెలూ, తన అంకే కూడి మూడుతో భాగించి, వచ్చినదాన్ని తన కొత్త అంకెగా రాసుకోవాలి.

మొదటి విడత తరువాత అంకెలు 46.7, 53.3, 40, 60. రెండో విడతకు 53.3, 46.7, 51.1, 48.9. మూడో విడతకు 49.6, 50.4, 48.9, 51.1. అందరూ 50 చుట్టూ చేరిపోయారు. 80, 20, 60, 40ల సగటు 50 అని మీరు ఈపాటికి చూసే ఉంటారు. ఎవరి చీటీ అందరూ చూడలేదు, అందరి లెక్కా ఒకరి దగ్గర లేదు, అయినా ఊరి బ్యాటరీ మొత్తం మీద సగం ఉందని ప్రతివాడికీ తెలిసిపోయింది. శాస్త్రంలో దీనిని కన్సెన్సస్ అంటారు. మనం ఏకాభిప్రాయం అందాం. ఈ అంకెను బట్టి ఎవరు బ్యాటరీ నింపుకోవాలో, ఎవరు ఇవ్వాలో ఎవరికి వారే నిర్ణయించుకోగలరు.

తరువాత ఆటలో చిన్న మార్పు చేస్తాను. 80 చీటీ ఉన్న అబ్బాయి చెవిలో 'నువ్వు 20 అని చెప్పు, ఎవరేమన్నా అంకె మార్చకు' అని ఊదుతాను. అతడు లెక్క చేయడు, 20 అనే కూర్చుంటాడు. విడతలు గడిచేకొద్దీ మిగతా ముగ్గురి అంకెలూ జారి జారి చివరికి 20కే చేరతాయి. ఒక్కడు మొండికేస్తే ఊరంతా వాడి మాటకు వచ్చింది! తరగతిలో అందరూ నవ్వుతారు. కాని నిజం గ్రిడ్డులో అయితే ఊళ్లో సగం బ్యాటరీ ఉండగానే పిండిమర ఆగిపోతుంది, వీధి దీపాలు ఆరిపోతాయి, ఆ ఒక్కడి ఇంట్లో మాత్రం కూలరు తిరుగుతుంది. మొండివాడు దొంగే కానక్కరలేదు. మీటరు చెడిపోయి ఒకే అంకె చూపిస్తున్నా ఇదే జరుగుతుంది.

దీనికి మందులున్నాయి. చెప్పిన అంకెను మీటరుతో సరిచూడడం ఒకటి. పక్కవారి అంకెల్లో మరీ ఎక్కువదీ మరీ తక్కువదీ వదిలేసి మిగతావే లెక్కలోకి తీసుకోవడం ఇంకొకటి. ఈ రెండో మందు పనిచేయాలంటే ప్రతివాడికీ ఇద్దరు కాదు, ఇంకా ఎక్కువమంది ఇరుగుపొరుగులు ఉండాలి. కాబట్టి ఊళ్లో తీగలు ఎట్లా వేయాలో ఎంత ముఖ్యమో, ఎవరు ఎవరితో మాట్లాడాలో కూడా అంత ముఖ్యం.

అన్నిటికీ ఇదే మందా?

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పన్నెండు ఇళ్లకు ఒక మామూలు కంప్యూటరును మధ్యలో పెట్టి అందరి లెక్కలూ అప్పగించినా పని జరుగుతుంది. అన్నీ తెలిసినవాడు వేసే లెక్క, గుసగుసల లెక్క కంటే ఒక్కోసారి మెరుగ్గా కూడా ఉంటుంది. మరి ఏజెంట్లెందుకు? సోలారు ఒకరిది, బ్యాటరీ ఇంకొకరిది, మోటారు మరొకరిది అయినప్పుడు అందరూ తమ గుట్టంతా ఒకరి చేతిలో పెట్టడానికి ఒప్పుకోరు. కొత్తగా ఒక ఇల్లు చేరితే మధ్య కంప్యూటరు ప్రోగ్రాము తిరగరాయాలి. ఏజెంట్ల పద్ధతిలో అయితే కొత్త ఏజెంటు వచ్చి 'నేనూ ఉన్నాను' అంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం, మధ్య కంప్యూటరు పాడైతే ఊరంతా ఆగుతుంది. ఒక ఏజెంటు పాడైతే ఒక ఇల్లే ఆగుతుంది.

ఇంకొకటి. ఏజెంట్ల మాటలకు టైము పడుతుంది. ఎక్కడైనా తీగలు రాసుకుని షార్ట్ సర్క్యూట్ అయితే బేరసారాలకు వ్యవధి లేదు. అది సెకనులో వెయ్యో వంతుల లెక్క. దాన్ని రిలేలు, ఇన్వర్టర్లు తమంతట తామే చూసుకోవాలి. బరువు హఠాత్తుగా మారినప్పుడు సెకన్లలో సర్దుకోవడం దండోరా పని. ఈ రెంటి పైన కూర్చుని నిమిషాల మీద, గంటల మీద ఆలోచించడం ఏజెంట్ల పని. ఈ వరస తప్పకూడదు. అప్పుడు మాటలు మోసే తీగలు తెగినా, ఏజెంట్లు మూగబోయినా, దండోరా మీద ఊరి దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

యంత్రాలు బాగున్నంత మాత్రాన ఊరు ఒప్పుకుంటుందనీ లేదు. బీహారులోని ధర్నాయి గ్రామంలో 2014లో 100 కిలోవాట్ల సోలారు మైక్రోగ్రిడ్ పెట్టారు. దేశమంతా చెప్పుకున్నారు. అయితే ఊరివాళ్లు మాకు 'అసలు కరెంటు' కావాలన్నారు. పెద్ద లైను వచ్చింది, అందులో కరెంటు చవక, పైగా ఫ్రిజ్‌లూ టీవీలూ నడుస్తాయి. కొన్నాళ్లకు సోలారు మూలపడింది. పెద్ద లైనుకు బదులుగా పేదవాడికి పారేసే చిన్న లైనులాగా మైక్రోగ్రిడ్ కనిపిస్తే దానికి ఎక్కడైనా ఇదే గతి. పెద్ద లైనుతో చేయి కలిపి నడిచి, అది పడిన రోజున నిలబడేదిగా దాన్ని కట్టాలి.

వంతు తప్పినవాడి మాట

ఇందాక రెండు పొలం మోటార్లను వదిలి వచ్చాం. ఇప్పుడు వాటి దగ్గరికి వద్దాం. ఆ రోజు అయిదుగురిలో ముగ్గురికి వంతు వచ్చింది, ఇద్దరికి రాలేదు. ఏ ముగ్గురికి? ఏ లెక్కన?

ఎక్కువ డబ్బు ఇస్తానన్నవాడికి ఇవ్వవచ్చు. ఏజెంట్ల వేలం అని పుస్తకాల్లో కనిపించే పద్ధతుల్లో అది చాలా తేలిక. అప్పుడు అయిదు ఎకరాలవాడి మోటారు రోజూ నడుస్తుంది, అరెకరంవాడిది ఎప్పటికీ నడవదు. ముందు అడిగినవాడికి ఇవ్వవచ్చు. అప్పుడు మంచి సిగ్నలు ఉన్నవాడిదే గెలుపు. ఎవరి పైరు ఎండుతోందో వాడికి ఇవ్వవచ్చు. అప్పుడు ప్రతివాడి ఏజెంటూ 'నా పైరే ఎండుతోంది' అంటుంది, మొండివాడి ఆట మళ్లీ మొదలవుతుంది. లేదా నిన్న వంతు తప్పినవాడికి ఇవాళ మొదటి వంతు అని రాయవచ్చు.

మన చెరువుల కింద ఇదంతా ఉన్నదే. చెరువు నీటిని ఏ మడికి ఎంతసేపు విడవాలో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. ఆయన మంచివాడైతే చివరి ఆయకట్టు కూడా తడిసేది. కాకపోతే తూము దగ్గరి పొలాలు తడిసి చివరి పొలాలు ఎండేవి. చివరి ఆయకట్టు రైతు కనీసం నీరటి ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, 'ఏమయ్యా, నాకెందుకు రాలేదు?' అని అడగగలిగేవాడు. ప్రోగ్రాములో దాక్కున్న నియమాన్ని ఎవరి అరుగు మీద కూర్చుని అడుగుతాడు?

అందుచేత ఇంజనీరింగు చదివే మిత్రులకు నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఏజెంటు ప్రోగ్రాములో 'ముందు ఎవరికి' అన్న ఒక్క వాక్యం రాసేటప్పుడు మీరు కరెంటు పని ఒక్కటే చేయడం లేదు, నీరటి పని కూడా చేస్తున్నారు. ఆ వాక్యాన్ని హాస్టలు గదిలో ఒంటరిగా కూర్చుని రాయకండి. ఊరికి వెళ్లండి. పిండిమర యజమానినీ, ఉపకేంద్రం నర్సమ్మనూ, అరెకరం రైతునూ, చివరి వీధి ఆడవాళ్లనూ కూర్చోబెట్టి అడగండి. కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి. తుపాను రాత్రి కొట్లాడుకోవడం కంటే ముందే కొట్లాడుకోవడం మేలు. వారు తేల్చినదాన్నే ప్రోగ్రాములో రాయండి. అదే మాటను మంచి తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. పక్కనే ఒక పలక పెట్టి, నిన్న ఎవరి వంతు తప్పిందో, ఇవాళ ఎవరి వంతు ముందో ఏ రోజుకా రోజు రాయించండి. గోడ మీది రాతకూ మోటారు నడిచిన తీరుకూ తేడా వస్తే, చదువు రానివాడు కూడా పక్కవాడి చేత చదివించుకుని నిలదీయగలగాలి.